కుప్పలో పెట్టని చెయ్యి

మా ఇంట్లో తాయెత్తు లేని చెయ్యి నాదొక్కటే. మా అమ్మ బతికున్నంత కాలం దర్గా నుంచి తెచ్చి ఇంటిల్లిపాదికీ కట్టేది. నేను బడికి పోయే వయసులోనే దాన్ని తెంపి కాలవలో పడేశాను. దయ్యమంటే నవ్వుతాను, చేతబడి అంటే తిడతాను. ఎవరైనా ఫలానా చోట ఆడమనిషి ఏడుపు వినపడిందని చెబితే, వాడు ఆ పూట ఏం తాగాడో అడుగుతాను. శుక్రవారం నమాజుకి వెళ్తాను, అంతటితో సరి. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసింది చదివి ఇతను మొదటినుంచీ ఇలాంటివి నమ్మే మనిషేలే అని ఎవరైనా అనుకుంటే నాకు కోపం వస్తుంది.

నా పేరు మస్తాన్ వలి. చిలకలూరిపేట దగ్గర హైవే మీద ఒక జిన్నింగ్ మిల్లులో యార్డు సూపర్‌వైజర్ని. మిల్లు పేరు రాయను. ఇరవై ఎనిమిదేళ్ళుగా నా బతుకంతా పత్తి కుప్పల మధ్యే.

పత్తి సంగతి తెలియని వాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. రైతు తెచ్చిన పత్తిని, గింజ తీయకముందు, యార్డులో కుప్ప పోస్తాం. రెండు నిలువుల ఎత్తు ఉంటుంది. అందులో చెమ్మ పత్తి కలిసిందంటే లోపల్లోపల వేడెక్కుతుంది. పైకి తెల్లగా, చల్లగా ఉంటుంది, లోపల ఉడుకుతూ ఉంటుంది. కనిపెట్టకపోతే గింజ చెడిపోతుంది, దూది పసుపు తిరుగుతుంది, ఒక్కోసారి నిప్పే పుడుతుంది.

కనిపెట్టే పద్ధతి ఒకటుంది. చొక్కా చెయ్యి పైకి మడిచి, భుజం దాకా కుప్పలోకి దూర్చి, కాసేపు ఉంచి తీయాలి. తీసిన అరచెయ్యి వెంటనే చెంపకి ఆనించుకోవాలి. చెంపకి తెలిసినంత బాగా చేతికి తెలియదు. ఎండ వేడి అయితే పైపైనే ఉంటుంది, లోపలికి పోయేకొద్దీ చల్లబడుతుంది. కుప్ప వేడి లోపలికి పోయేకొద్దీ పెరుగుతుంది. ఈ తేడా నాకు తెలిసినంతగా మా చుట్టుపక్కల మిల్లుల్లో ఎవరికీ తెలియదని పేరు. ఓనరు గారు వేడి చూసే మీటరు కొన్నారు గానీ, మీటరు చెప్పాక కూడా "మస్తాన్ చెయ్యి ఏమంటోంది?" అని అడిగేవారు. నాకు అదొక గర్వం.

మా గేటు దగ్గర బహదూర్ ఉండేవాడు. నేపాల్ మనిషి. పదకొండేళ్ళు పనిచేశాడు. అతని అసలు పేరు మేం ఎవరం ఎప్పుడూ అడగలేదు. మా వైపు కాపలాకి వచ్చిన ప్రతి నేపాలీ గూర్ఖానే, ప్రతి గూర్ఖా బహదూరే. హమాలీల దగ్గర తెలుగు నేర్చుకున్నాడు కాబట్టి అందులో మర్యాద పాలు తక్కువ. ఓనరు గారిని కూడా "ఏవయ్యా" అనేవాడు. ఓనరు గారు నవ్వి ఊరుకునేవారు.

నేను కుప్పలో చెయ్యి పెట్టడం చూసి చూసి అతనికీ ఆ పని పట్టుబడింది. డ్యూటీ లేనప్పుడు యార్డులో తిరుగుతూ, చెయ్యి దూర్చి చెంపకి ఆనించుకునేవాడు. నాకు నచ్చేది కాదు. గేటు కాసేవాడికి కుప్పలతో పనేంటని రెండు మూడుసార్లు అరిచాను కూడా.

మొన్నటి సీజన్‌లో, జనవరిలో, ఒక మధ్యాహ్నం కాటా గదిలో అన్నం తింటున్నాను. బహదూర్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"సారూ, మూడో కుప్ప లోపల కాలతా ఉంది. నువ్వొచ్చి చెయ్యి పెట్టి చూడు."

"పొద్దున్నే చూశాన్లే. చల్లగా ఉంది. నువ్వెళ్ళి గేటు చూసుకో" అన్నాను.

అతను వెళ్ళిపోయాడు.

మర్నాడు తెల్లవారాక షిఫ్టు వాళ్ళు వచ్చేసరికి మూడో కుప్ప ఒక వైపు కూలిపోయి ఉంది. బహదూర్ చెప్పులు పక్కన వరసగా విడిచి ఉన్నాయి. కుప్ప అడుగున చేతులతో పత్తి లాగి, లోపలి వేడి పోవడానికి సందు చేస్తున్నట్టున్నాడు. పైనున్నదంతా మీద పడింది. మేం తవ్వి తీసేసరికి ప్రాణం లేదు. అతని చుట్టూ ఉన్న పత్తి మాత్రం పొగలు కక్కుతోంది. ఉడికిన గింజల వాసన, కొంచెం పుల్లగా, కొంచెం మాడినట్టు ఉంటుంది, ఆ వాసన ఆ రోజు నా బట్టలకి పట్టింది.

పోలీసులకీ ఇంటివాళ్ళకీ నిద్రలో గుండె ఆగి పోయాడని చెప్పాలని మిల్లు పెద్దవాళ్ళు తేల్చారు. ఆ సాయంత్రమే ఇక్కడే దహనం జరిగిపోయింది. అతని పెట్టెలో దొరికిన నంబరుకి ఫోన్ చేసి, నాకొచ్చిన హిందీలో ఆ గుండె మాట చెప్పింది నేనే. పెట్టెలోనే ఒక కార్డు ఉంది. పదకొండేళ్ళకి అప్పుడు తెలిసింది, అతని పేరు సుకమాన్ గురుంగ్ అని.

అటు ఫోన్ ఎత్తినాయన మన సైన్యంలో చేసి రిటైరైన సుబేదారు. మార్చిలో ఆయనే మళ్ళీ ఫోన్ చేశాడు. సుకమాన్‌కి కర్మ చేయాలి, శవం ఎలాగూ లేదు కాబట్టి అతని బట్టలు కావాలి, అతన్ని చివరిగా చూసిన మనిషి స్వయంగా తేవాలి అన్నాడు. ఓనరు గారు నా వైపు చూశారు.

"నీకు హిందీ వచ్చు కదయ్యా మస్తానూ. ఒక్క రాత్రి ఉండి, ఇచ్చేసి వచ్చెయ్" అన్నారు.

విజయవాడలో రైలెక్కి గోరఖ్‌పూర్, అక్కడినుంచి సరిహద్దు దాటి పోఖరా, అక్కడినుంచి జీపు. జీపు దిగాక అన్నీ రాతి మెట్లే. మైదానంలో పుట్టినవాణ్ణి, మా ఊళ్ళో ఎత్తంటే మిల్లు గోడౌను మెట్లే. మూడు గంటలు ఎక్కాను. సుకమాన్ బట్టలున్న ఇనప్పెట్టెని ఒక కూలీ వీపున మోశాడు. నేను నా సంచిని మొయ్యలేక ఆయాసపడుతూ, చనిపోయినవాడితో సహా అందర్నీ మనసులో తిట్టుకుంటూ ఎక్కాను.

ఊరు కొండ మీద మెట్లు మెట్లుగా ఉంది. రాతి గోడలు, పలక కప్పులు, గోడలకి కింద ఎర్రమట్టి, పైన తెల్లమట్టి పూత. ఎదురుగా మంచు కొండలు. ఫొటోలు తీసుకోవడానికి జనం డబ్బు పెట్టి వచ్చే ఊరది. ఆ వచ్చినవాళ్ళు ఇళ్ళల్లోనే దిగుతారు. ఎవరు ఏ ఇంట్లో ఉండాలో ఊరి ఆడవాళ్ళ సంఘం వంతులు వేస్తుంది. అతిథిని ఏ ఇల్లూ కాదనకూడదు, ఏ అతిథీ ఇల్లు ఎంచుకోకూడదు.

నన్ను చూసి ఎవరూ పలకరింపుగా నవ్వలేదు. సుబేదారు గారు పెట్టె అందుకుని, ఒక్క రాత్రి కుదరదన్నాడు. చనిపోయినవాడి దగ్గరి బంధువుల ఇళ్ళు నాలుగు. రోజుకో ఇంట్లో నాకు వంతు వేశారట. ప్రతి ఇంట్లోనూ వాళ్ళ అన్నం తిని, అతను ఎలా పోయాడో నా నోటితో చెప్పాలట. అది గురుంగులందరి ఆచారమో, ఆ ఊరిదో, నా కోసం పెట్టిందో నాకిప్పటికీ తెలియదు.

ఎందుకిన్నిసార్లు అని విసుక్కున్నాను. ఆయన నిదానంగా చెప్పాడు. మంచి చావు అయితే ఒక రకం కర్మ, దుర్మరణం అయితే వేరే రకం. తప్పు కర్మ చేస్తే మనిషి తన పెద్దల దగ్గరికి చేరలేడు, పోయిన చోటే ఉండిపోతాడు.

"మాకు అతని శవం లేదు. నీ మాట ఒక్కటే ఉంది" అన్నాడు.

నేను గుండె అని చెప్పాను. నాకేం, రోజుకోసారి చొప్పున నాలుగుసార్లు చెప్పి దిగిపోతాను అనుకున్నాను.

మొదటి ఇల్లు ఆడవాళ్ళ సంఘం పెద్దావిడది, సుకమాన్‌కి మేనత్త. అన్నం, పప్పు, ఆకుకూర పెట్టింది. రాగుల సారా పోస్తే మాకు కూడదని గ్లాసు పక్కకి జరిపాను. అది ఆమెకి నచ్చలేదు. హలాల్ కాదని మాంసం కూడా వద్దంటే అసలు నచ్చలేదు. వడ్డించిందన్న మాటేగానీ గిన్నె నా ముందు పెట్టిన తీరు చూస్తే కుక్కకైనా ఇంకొంచెం మెల్లగా పెడతారు అనిపించింది. తిన్నాక అడిగింది, సుబేదారు తర్జుమా చేశాడు, నేను గుండె అని చెప్పాను. ఇంట్లో వాళ్ళంతా నా నోటి వంకే చూశారు.

పొద్దున లేచి, ముఖం కడుక్కుని, చుట్టుపక్కల అరగంట తిరిగి వచ్చాను. అప్పుడు నా బొంత మడిచాను. అక్కడ కప్పుకునేవి దూది కూరిన లావు బొంతలు. వాడనివన్నీ ఉత్తరం గోడ పక్కన బల్ల మీద దొంతరగా పేర్చి ఉన్నాయి. నాది కూడా మధ్యలోకి దూర్చబోయాను. చెయ్యి లోపలికి వెళ్ళింది.

లోపల వేడిగా ఉంది.

చెయ్యి తీసి, ఆలోచించకుండానే చెంపకి ఆనించుకున్నాను. ఇరవై ఎనిమిదేళ్ళ అలవాటు. మళ్ళీ పెట్టాను. పై బొంత మంచులా ఉంది. లోపలికి పోయేకొద్దీ వేడి పెరుగుతోంది. ఆ గోడకి ఎండ రాదు, పొయ్యి గది అవతలి కొసన ఉంది, ఆ బొంతలు ఎవరూ కప్పుకోలేదు.

వెనక్కి తిరిగితే మేనత్త గుమ్మంలో నిలబడి చూస్తోంది. నేను పక్కకి తప్పుకోగానే బొంతలన్నీ ఒక్కొక్కటే బయటికి మోసి ఎండలో పరిచింది. ఎప్పుడూ చేసే పనే అయ్యుంటుందిలే అనుకున్నాను. ఎత్తైన చోట చేతుల్లో రక్తం సరిగా ఆడదని ఎక్కడో విన్నాను, దాన్ని కూడా కారణాల్లో చేర్చుకున్నాను.

రెండో ఇల్లు ఒక ముసలి దంపతులది. ఆయన నాతో ఒక్క మాట మాట్లాడలేదు. భోజనంలో వాళ్ళ కొండ మిరపకాయ ఒకటి పళ్ళెం అంచున పెట్టారు. గుంటూరు వాణ్ణి, నాకు మిరపకాయ చూపిస్తారా అని మొత్తం కొరికాను. కళ్ళంట నీళ్ళు కారాయి. ఎవరూ నవ్వలేదు, నీళ్ళు కూడా ఇవ్వలేదు. తర్వాత మామూలే. అడిగారు, గుండె అన్నాను. ముసలాయన లేచి బయటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున చొక్కా కోసం నా సంచి తెరిచాను. పై చొక్కా చల్లగానే ఉంది. కింద చెయ్యి పెడితే ఇస్త్రీ పెట్టె కిందినుంచి లాగినంత వేడి. ఆ వేడితో పాటు వాసన కూడా లేచింది. ఉడికిన గింజల వాసన.

నాకు భయం వెయ్యలేదు, కోపం వచ్చింది. వీళ్ళే చేస్తున్నారు అనుకున్నాను. నేను నిద్రపోయాక సంచిని పొయ్యి మీద పెట్టి, నన్ను హడలగొట్టి నిజం చెప్పిద్దామని చూస్తున్నారు. సుబేదారుని పిలిపించి, నా సంచి ఎవరు ముట్టుకున్నారో అడగమని కేకలు వేశాను. ఇరుగుపొరుగు వాళ్ళు గోడల మీదినుంచి చూశారు. అప్పుడు ముసలాయన నోరు విప్పాడు. సుబేదారు దాన్ని నాకు చెప్పాడు.

"నీ సంచిని మా ఇంట్లో ఎవరూ ముట్టుకోరు. నువ్వు కూర్చున్న చాపని కూడా నువ్వు పోయాక కడుక్కుంటాం."

మా ఊళ్ళో నన్నెవరూ అలా అనలేదు.

మూడో ఇల్లు సుబేదారుదే, ఆయనా సుకమాన్‌కి దగ్గరి బంధువే. ఆ మధ్యాహ్నం ఆయన వాకిట్లో అందరి ముందూ సుకమాన్ పెట్టె తెరిచారు. కర్మలో వెదురుతో మనిషి బొమ్మ కట్టి, చనిపోయినవాడి బట్టలు తొడుగుతారట. పెట్టె రెండు రోజులుగా బయట అరుగు మీద నీడలో ఉంది. తాళం తీస్తుంటే ఇనుము చల్లదనానికి నా వేళ్ళు కొంకర్లు పోయాయి. ఇది బాగా గుర్తుంది.

మూత ఎత్తగానే లోపలినుంచి ఆవిరి వచ్చింది.

చలికాలం పొద్దున మాట్లాడితే నోట్లోంచి వచ్చేంత, అంతే. కానీ అందరూ చూశారు. స్వెట్టరు, ఖాకీ చొక్కాలు, మఫ్లరు, అన్నీ నేనే చిలకలూరిపేటలో సర్దాను. ఇప్పుడు సుబేదారు ఒక్కొక్కటే తీస్తుంటే, అడుక్కి పోయేకొద్దీ ఆయన చెయ్యి వెనక్కి తీసుకోవడం కనిపించింది. ఖాకీ చొక్కా మడతల్లో దూది పింజలు, గింజతో సహా. మిల్లు బట్టల్లో దూది ఉండటం వింతేమీ కాదు. వాసన మాత్రం నా ఊహ కాదు, ఎందుకంటే ఆయన ముక్కు ఎగబీల్చి, ఇదేం వాసన, మీరక్కడ గింజలు ఉడకబెడతారా అని అడిగాడు.

నాకు తెలియదన్నాను.

"ఇక్కడ తెలిసినవాడివి నువ్వొక్కడివే" అన్నాడు. మళ్ళీ నాతో ఆ రోజు మాట్లాడలేదు. సాయంత్రం అన్నం పెట్టి అడగాల్సింది ఆయన భార్య వచ్చీరాని హిందీలో అడిగింది. గుండె అని చెప్పాను.

నాలుగో ఇల్లు సుకమాన్ భార్యది. పేరు మాయ. నలభై దాటి ఉంటాయి. మూడు రోజుల్లోనూ ఆమె నా ఎదుటికి రాలేదు. ఒకే గది, మధ్యలో నేల మీద పొయ్యి, గోడ పక్కన బొంతల దొంతర. గోడకి ఒక ఫొటో. అందులో సుకమాన్ మా మిల్లు గేటు ముందు కర్ర పట్టుకుని నిలబడ్డాడు. వెనక మసగ్గా తెల్లటి కుప్ప. నేను ఆ ఫొటోకి వీపు పెట్టి కూర్చున్నాను.

అన్నం పెట్టింది. నేను తిన్నాను. సుబేదారు గుమ్మం దగ్గర కూర్చున్నాడు. మధ్యాహ్నం, బయట మంచి ఎండ. ఆమె అడుగుతుంది, నేను చెబుతాను, రేపు దిగిపోతాను. ఇంకొక్కసారి ఆ ఒక్క మాటే కదా అనుకుంటూ చెయ్యి కడుక్కున్నాను.

ఆమె అడగలేదు.

లేచి బొంతల దగ్గరికి వెళ్ళింది. జాకెట్టు చెయ్యి పైకి మడిచింది. చెయ్యిని దొంతర మధ్యలోకి దూర్చింది. మోచేతి దాకా కాదు, భుజం దాకా. తల పక్కకి వంచి, అలాగే కాసేపు ఉంది. చెయ్యి తీసి అరచేతిని తన చెంపకి ఆనించుకుంది.

ఆ పని ఆ ఊళ్ళో ఎవరి ముందూ నేను చేసి చూపించలేదు. మేనత్త ఒక్కసారి చూసింది, నిజమే, కానీ నేను చెయ్యి పెట్టింది మోచేతి దాకే. సుకమాన్ ఫోన్లో చెప్పి ఉండొచ్చు. ఫోన్లో మాట చెప్పొచ్చు గానీ, తల వంచే తీరు చెప్పగలరా? అది సుకమాన్ తల వంచే తీరు. నేను కాటా గది కిటికీలోంచి ఎన్నోసార్లు చూసి విసుక్కున్న తీరు.

ఆమె నా దగ్గరికి వచ్చి, వంగి, అదే అరచేతిని నా చెంపకి ఆనించింది. కాలింది. నేను వెనక్కి జరిగాను.

అప్పుడు నా నోట్లోంచి వచ్చింది హిందీ కాదు, తెలుగు. కుప్ప కూలిందని, అడుగునుంచి పత్తి లాగుతుంటే మీద పడిందని, గుండె కాదని, మేమే అలా చెప్పామని గడగడా చెప్పాను. ఆమెకి తెలుగు రాదు. సుబేదారుకీ రాదు. మళ్ళీ హిందీలో చెప్పమన్నాడు. చెప్పాను. ఆయన ఆమెకి చెప్పాడు. ఆమె ఏడవలేదు. నేను తేలిగ్గా ఊపిరి తీసుకున్నాను. చెప్పేశాను, అయిపోయింది అనుకున్నాను.

ఆమె మళ్ళీ బొంతల దగ్గరికి వెళ్ళి, మళ్ళీ చెయ్యి భుజం దాకా పెట్టి తీసింది. ఈసారి తన చెంపకి ఆనించుకోలేదు. వేలుతో నా కుడి చేతిని చూపించింది. చూపించి, ఎదురు చూసింది.

అప్పటికి ఇది మా ఓనరు గారికి తెలియదు. నా భార్యకి తెలియదు. పోలీసు అడిగినప్పుడు కూడా వేరేగానే చెప్పాను. ఆ రోజు పొద్దున మూడో కుప్పలో నేను చెయ్యి పెట్టలేదు. అసలు ఆ వైపే పోలేదు. అతను వచ్చి చెప్పినప్పుడు లేచి నలభై అడుగులు వెయ్యడానికి బద్ధకించాను. గేటు కాసేవాడు నాకు కుప్ప సంగతి చెప్పడమేంటని మండింది. అందుకే చూశానని అబద్ధం చెప్పాను. నేను చెయ్యి పెట్టి ఉంటే హమాలీలని పిలిచి పైనుంచి విప్పించేవాణ్ణి. అతను ఒక్కడే చేతులతో అడుగునుంచి లాగాల్సిన పని ఉండేది కాదు.

ఇదంతా సుబేదారుకి చెప్పాను. ఆయన ఆమెకి తర్జుమా చేశాడు. మాయ వింది. నా ముందున్న పళ్ళెం తీసి గుమ్మం బయట పెట్టింది. అప్పుడు మొదటిసారి నాతో మాట్లాడింది. సుబేదారు మాట మాటా చెప్పాడు.

"నాలుగు ఇళ్ళ అన్నం తిన్నావు. నాలుగు ఇళ్ళల్లోనూ అతను నీ పక్కనే కూర్చున్నాడు. నీకు వేడి తగిలింది, అయినా తిన్నావు. ఇంక వెళ్ళు."

ఆ సాయంత్రమే దిగిపోయాను. ఆ రాత్రి వంతు మిగిలి ఉన్నా ఏ ఇల్లూ నన్ను ఉండమని పిలవలేదు. కర్మ మార్చి వేరే రకంగా చేస్తారని, దానికి నేను ఉండకూడదని సుబేదారు మెట్ల మొదట్లో నిలబడి చెప్పాడు. చెయ్యి కలపబోతే తన చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఆ మెట్లు దిగుతూ నేను ఏడ్చాను. సిగ్గుతోనో, ఆయన నాకు చెయ్యి ఇవ్వలేదన్న ఉక్రోషంతోనో చెప్పలేను, రెండూ ఉన్నాయి.

గోరఖ్‌పూర్ స్టేషన్లో టీ తీసుకున్నాను. గాజు గ్లాసు. పట్టుకుని నిలబడి సగం తాగాను. పక్కనున్నాయన నా వేళ్ళ వంక చూసి, అంత వేడి గ్లాసు ఎలా పట్టుకున్నావు భాయ్ అన్నాడు. చూసుకుంటే బొబ్బలు లేస్తున్నాయి. నాకు తెలియలేదు.

కుడి చేతికి వేడి తెలియడం లేదు. ఎడమ చేతికి తెలుస్తుంది. గుంటూరులో పెద్ద డాక్టరు చూశాడు. సూది గుచ్చితే తెలుస్తోంది, ఐసు పెడితే తెలుస్తోంది, వేళ్ళు బాగా ఆడుతున్నాయి. నరాల పరీక్షల్లో ఏ లోపమూ లేదు. చలికి తిరిగారు కదా, తగ్గిపోతుందిలెండి అన్నాడు. తగ్గలేదు.

మూడో కుప్ప సంగతి ఓనరు గారికి నేనే వెళ్ళి చెప్పాను. ఆయన తల పట్టుకుని, "ఇప్పుడెందుకయ్యా ఇవన్నీ" అన్నారు. నా భార్య ఖాసింబీకి కూడా చెప్పాను. ఆమె రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తాయెత్తు తెచ్చి కడతానంది, నేను చెయ్యి ఇవ్వలేదు.

ఏప్రిల్‌లో సుబేదారు ఫోన్ చేశాడు. కర్మ బాగా జరిగిందన్నాడు. మనిషి చేరాల్సిన చోటికి చేరాడని పూజారులు చెప్పారట. నాకు కొంచెం ఊరట కలిగింది. అప్పుడు ఆయన, మాయ పక్కనే ఉందని, ఒక మాట అడగమంటోందని అన్నాడు.

"నీ చెయ్యి ఎలా ఉంది?"

చేతి సంగతి ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు. నేను అక్కడ ఎవరికీ చెప్పలేదు, ఇక్కడినుంచి ఎవరూ చెప్పే వీలు లేదు. చల్లగా ఉంది అన్నాను. ఆయన ఆమెకి చెప్పడం వినపడింది. ఫోన్ పెట్టేశారు.

అతను చేరిపోయి ఉంటే నా చెయ్యి ఎందుకిలా ఉందో నాకు తెలియదు. ఆ బొంతలు, ఆ పెట్టె, ఆ ఆవిరి ఏమిటో కూడా తెలియదు. దయ్యమని ఇప్పటికీ అనను. ఏమనాలో తెలిస్తే అదే రాసేవాణ్ణి.

మళ్ళీ సీజన్ వచ్చింది. యార్డులో ఆరు కుప్పలు ఉన్నాయి. రోజూ మధ్యాహ్నం అన్నానికి ముందు ఒక్కొక్క కుప్ప దగ్గరికీ వెళ్ళి, చొక్కా చెయ్యి మడిచి, కుడి చెయ్యి భుజం దాకా పెడతాను. తీసి చెంపకి ఆనించుకుంటాను. ఏ కుప్పలోంచి తీసినా ఆ చెయ్యి చెంపకి కూడా చల్లగానే తగులుతుంది. అప్పుడు గేటు దగ్గర కొత్తగా చేరిన పెద్దాయన్ని పేరు పెట్టి పిలిచి, ఆయన చెయ్యి పెట్టమంటాను. ఆయన వేడిగా ఉందంటే, ఇంక మాట్లాడకుండా హమాలీలని పిలిచి కుప్ప విప్పిస్తాను.